జీడిపిక్కల కొట్టుకి డేటాబేస్: టేబుళ్ల కంటే ముందు తేలాల్సిన సంగతులు

అడిగింది ఇదీ. పర్లాకిమిడిలో జీడిపిక్కల కొట్టు. గజపతి జిల్లా కొండ ఊళ్ల నుంచి, గుణుపురం వైపు నుంచి, సరిహద్దు అవతల పాతపట్నం, మెళియాపుట్టి మండలాల నుంచి సరుకు దిగుతుంది. ఆరబెట్టి, లాట్లు కట్టి పలాస ఫ్యాక్టరీలకు పంపుతారు. కొంత కూలికి ఆడించి పప్పు వెనక్కి తెప్పించుకుంటారు. ఇన్నాళ్లూ ఎక్సెల్‌లో నడిచిన లెక్కని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలి. సప్లయర్, కస్టమర్, పర్చేజ్, సేల్, స్టాక్ అని ఐదు టేబుళ్లతో ఈఆర్ డయాగ్రం (ఏ ఏ వస్తువులున్నాయి, వాటి మధ్య సంబంధాలేమిటి అని చూపే బొమ్మ) గీశారు, మూడో నార్మల్ ఫామ్ వరకూ, అంటే ఒకే సంగతి రెండు చోట్ల రాయకుండా టేబుళ్లని విడగొట్టే దాకా తెచ్చారు. "సెమాంటిక్ మోడల్ అంటూ ఇంకా విడిగా చెయ్యాలా? ఇది చాలదా?" అన్నది ప్రశ్న. సెమాంటిక్ మోడల్ అంటే టేబుల్లో ప్రతి వరసా వ్యాపారంలో ఏ సంగతిని చెబుతోందో ముందే తేల్చుకోవడం.

చాలదు. నార్మలైజేషన్ (టేబుళ్లని ఇలా విడగొట్టడం) మీరు చెప్పిన డిపెండెన్సీల మీద, అంటే ఏది తెలిస్తే ఏది తెలుస్తుందన్న మాటల మీద పనిచేస్తుంది. ఆ డిపెండెన్సీ మీ కొట్లో నిజమో కాదో దానికి తెలీదు. పార్టీ నంబరు తెలిస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే జిల్లా తెలుస్తుంది అని మీరు రాసిస్తే టేబుళ్లని దాని ప్రకారం చక్కగా విడగొడుతుంది. పాలకొండ 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఊరికి జిల్లా ఎప్పుడూ ఒకటే అన్న మాట అక్కడ తప్పిపోయింది. టేబుల్ మూడో నార్మల్ ఫామ్‌లోనే ఉంటుంది, పాత బిల్లులన్నీ మాత్రం కొత్త జిల్లా పేరు చూపిస్తాయి.

ఈ లోటు మొదట్నుంచీ తెలిసిందే. డేటాని టేబుళ్లుగా పెట్టే రిలేషనల్ మోడల్‌ని 1970లో ప్రకటించిన కాడ్, 1979లో తన మోడల్‌కే ఎక్కువ అర్థం పట్టించడానికి ఆర్‌ఎం/టీ అనే విస్తరణ రాశారు. ఆ చుట్టుపక్కల ఏళ్లలోనే, 1974లో అబ్రియల్, 1976లో ఎంటిటీ-రిలేషన్‌షిప్ పద్ధతితో చెన్, 1981లో ఎస్‌డీఎం పేరుతో హామర్, మెక్‌లాయిడ్ అదే సమస్య మీద పనిచేశారు. వీటిలో ఎక్కువ భాగం అమ్ముడుపోయే సాఫ్ట్‌వేర్‌గా నిలవలేదు. చెన్ బొమ్మ నిలిచింది, కానీ ఇవాళ చాలామంది గీసే ఈఆర్ డయాగ్రం టేబుళ్ల బొమ్మే తప్ప చెన్ ఉద్దేశించిన బొమ్మ కాదు. నా లెక్కలో చిన్న వ్యాపారానికి బాగా ఉపయోగపడేది నైసెన్ మొదలుపెట్టి హాల్పిన్ విస్తరించిన వాక్యాల పద్ధతి. దాన్ని ఓఆర్‌ఎం (ఆబ్జెక్ట్-రోల్ మోడలింగ్) అంటారు. ప్రోగ్రామర్లు జాంగో, హైబర్నేట్ లాంటి కోడ్ సాధనాల్లో వాడే ఓఆర్‌ఎం వేరు, ఇది వేరు. వెతికేటప్పుడు కలగాపులగం అవుతుంది.

పద్ధతి మొరటుగానే ఉంటుంది. ప్రతి టేబుల్‌కీ, అందులో ఒక వరస ఏం చెబుతోందో ఒక పూర్తి తెలుగు వాక్యంగా రాయండి. "ఫలానా పార్టీ, ఫలానా తేదీన, ఫలానా నంబరు కాటా చీటీ కింద, ఇన్ని గోనెల్లో, సంచుల తూకం పోను ఇన్ని కిలోల పిక్కలు దింపాడు." ఆ వాక్యాన్ని గుమాస్తాకి, కాటా దగ్గరి మనిషికి, లెక్కలు చూసే ఆయనకి విడివిడిగా చదివి వినిపించండి. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెడితే షావుకారు ఏమంటే అదే అంటారు. తర్వాత దాన్ని విరిచే ప్రశ్నలు వెయ్యండి: ఒకే చీటీ మీద ఇద్దరి సరుకు ఉండొచ్చా? ఒకే మనిషి ఒకే రోజు రెండుసార్లు దింపొచ్చా? సరుకు దిగింది గానీ రేటు ఇంకా తెగలేదు, అలా ఉంటుందా? మూడోదానికి "ఉంటుంది" అని జవాబొస్తే, మీ పర్చేజ్ టేబుల్ ఒక వరసలో రెండు వేరే సంగతుల్ని ఇరికించింది. సరుకు దిగడం ఒక సంఘటన, రేటు తెగడం ఇంకొకటి. వాటికి వేర్వేరు తేదీలుంటాయి, ఒక్కోసారి ఒక రేటు మూడు చీటీలకి వర్తిస్తుంది.

ముగ్గురూ మూడు జవాబులు చెప్పిన చోట సాధారణంగా మీరు కనిపెట్టని ఒక ఎంటిటీ (విడిగా టేబుల్ కావాల్సిన వస్తువో సంఘటనో) దాక్కుని ఉంటుంది. మీ సరుకులో అలాంటి చోట్లు కనీసం నాలుగు కనిపిస్తున్నాయి.

మొదటిది బస్తా. ఈ ప్రాంతంలో పిక్కల బేరం 80 కిలోల బస్తా మీద సాగుతుంది. అదే మాటని దింపిన గోనెల లెక్కకీ వాడతారు. మీ ఎక్సెల్‌లో "బస్తాలు" అన్న కాలమ్ ఒక్కటే ఉంది, అందులో కొన్ని వరసల్లో 37 అనీ కొన్నింట్లో 35.95 అనీ ఉన్నాయని మీరే రాశారు. రెండూ తప్పు కాదు, రెండు వేరే సంగతులు. లెక్క చూడండి: 37 గోనెలు, కాటా మీద 2,913 కిలోలు, సంచికి కిలో చొప్పున తీసేస్తే నికరం 2,876 కిలోలు. 80తో భాగిస్తే 35.95. బస్తా రేటు రూ.12,000 అనుకుంటే ఇవ్వాల్సింది రూ.4,31,400. గోనెల లెక్కతో గుణిస్తే రూ.4,44,000. ఒక్క దింపుడుకి తేడా రూ.12,600.

కాబట్టి మోడల్‌లో గోనెల సంఖ్య ఒక పూర్ణాంకం, స్థూల బరువు, సంచుల తరుగు, నికర బరువు కిలోల్లో, రేటు, ఆ రేటు ఎన్ని కిలోలకి అన్న ఆధారం. చివరిది వదిలెయ్యకండి. పలాస వాళ్లలో ఒకరు కిలో మీద రేటు చెప్పగానే 80 అన్న అంకెని కోడ్‌లో పాతేసినవాళ్లు చిక్కుల్లో పడతారు. కాలమ్ పేరులోనే యూనిట్ పెట్టండి: "నికర_బరువు_కిలోలు". "బస్తాలు" అన్న కాలమ్ మాత్రం టేబుల్లో ఎక్కడా వద్దు. కావాలంటే వ్యూలో (అంకెల్ని దాచకుండా అప్పటికప్పుడు లెక్కగట్టి చూపే టేబుల్లో) 80తో భాగించి చూపించండి, దానికి "తూకం బస్తాలు" అని పేరు పెట్టండి. బరువుకీ డబ్బుకీ దశాంశాల్ని కచ్చితంగా నిలిపే న్యూమరిక్ టైప్ వాడండి, ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ వద్దు. ఈ ఊళ్లలో తోటల విస్తీర్ణం కూడా రాసుకుంటుంటే అక్కడా ఇదే జాగ్రత్త. ఒడిశా డెసిమల్, ఆంధ్ర సెంటు రెండూ ఎకరంలో నూరో వంతే గనక గొడవ లేదు. గుంట మాత్రం ఒడిశా లెక్కలో ఎకరానికి 25, తెలంగాణ లెక్కలో 40.

రెండోది పార్టీ. సప్లయర్, కస్టమర్ అని రెండు టేబుళ్లు చేశారు. కొండ ఊరి దళారి మీకు పిక్కలు అమ్ముతాడు, సీజన్ ముందు మీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు, పండగకి పప్పు డబ్బా కొంటాడు. మీ డిజైన్‌లో అతను రెండు టేబుళ్లలో రెండు మనుషులు. బాకీ ఎంత అని అడిగితే పేర్లు పోల్చి కూడాల్సిందే. ఇక్కడ రెండు రకాల విభజన కలిసిపోయింది. వ్యక్తి, సంస్థ అన్నది ఒక పార్టీ జన్మతః ఏమిటన్న విభజన. అది మారదు, ఒకటైతే రెండోది కాదు. దాన్ని సబ్‌టైప్‌గా (పార్టీ కిందే ఒక విడి రకంగా) చెయ్యండి. రైతు, దళారి, ఫ్యాక్టరీ, లారీ యజమాని అన్నవి పాత్రలు. ఒకరికే రెండు మూడు ఉండొచ్చు, ఈ ఏడాది ఉండి వచ్చే ఏడాది పోవచ్చు. వీటికి సబ్‌టైప్ టేబుళ్లు చేస్తే, రైతు దళారి అయిన రోజున అతని వరసని ఒక టేబుల్ నుంచి ఇంకోదానికి మొయ్యాలి, ఫారిన్ కీలు (ఒక టేబుల్ వరస నుంచి ఇంకో టేబుల్ వరసకి ఉండే లంకెలు) తెగుతాయి. పాత్రలకి "పార్టీ, పాత్ర, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా" అన్న ఒకే టేబుల్ చాలు.

అయితే ఒక పాత్రని మాత్రం పార్టీ దగ్గర రాసి ఊరుకుంటే కుదరదు. పెంకు తీయని జీడిపిక్కల్ని వ్యవసాయదారుడి నుంచి రిజిస్టర్డ్ వ్యాపారి కొంటే జీఎస్టీ రివర్స్ ఛార్జ్ కింద కొన్నవాడి మీద పడుతుంది. దళారి దగ్గర కొన్నప్పుడు ఆ లెక్క వేరు. సొంత తోట ఉన్న దళారి ఉంటాడు. అతను ఒక రోజు తన తోట సరుకు దింపుతాడు, ఇంకో రోజు నాలుగిళ్ల దగ్గర పోగేసింది దింపుతాడు. మనిషి ఒకడే, పన్ను లెక్కలు రెండు. కాబట్టి "ఈ దింపుడులో ఇతను ఏ పాత్రలో అమ్మాడు" అన్నది కొనుగోలు వరసలోనే ఉండాలి, నాట్ నల్‌గా, అంటే ఖాళీ వదలడానికి వీల్లేకుండా.

జీఎస్టీ నంబరుని పార్టీకి ప్రైమరీ కీగా (ప్రతి వరసనీ గుర్తుపట్టే ముఖ్య గుర్తుగా) పెట్టాలనుకుంటున్నారు, వద్దు. ఆ నంబరు 15 అక్షరాలది. మొదటి రెండు అంకెలు రాష్ట్రం, ఒడిశాకి 21, ఆంధ్రప్రదేశ్‌కి 37. తర్వాతి పది పాన్. పర్లాకిమిడిలో ఒకటి, పాతపట్నంలో ఒకటి కొట్టున్న సంస్థకి ఒకే పాన్, రెండు జీఎస్టీ నంబర్లు. ఒకే రాష్ట్రంలో రెండు రిజిస్ట్రేషన్లు తీసుకోవడం కూడా చట్టప్రకారం కుదురుతుంది గనక "సంస్థ, రాష్ట్రం" జంట మీద యునీక్ (రెండోసారి రాకూడదన్న నియమం) పెట్టినా విరిగిపోతుంది. రైతుకి ఆ నంబరే ఉండదు. అంటే అది పార్టీ గుర్తింపు కాదు, రిజిస్ట్రేషన్ అనే మరో వస్తువు గుర్తింపు. రిజిస్ట్రేషన్ టేబుల్ విడిగా పెట్టి, బిల్లుని పార్టీకి కాక రిజిస్ట్రేషన్‌కి కట్టండి. రాష్ట్రం లోపలి పన్నా, అంతర్రాష్ట్రపు పన్నా అన్నది తేల్చడానికి కావాల్సిన వివరాల్లో ఒకటి అక్కడే దొరుకుతుంది.

పేరు కూడా గుర్తింపు కాదు. ఒకే మనిషి పేరు మీ ఖాతాలో తెలుగులో, రేషన్ కార్డు మీద ఒడియాలో, బ్యాంకు పుస్తకం మీద ఇంగ్లిషులో ఉంటుంది. పేర్లకి విడి టేబుల్: పార్టీ, పేరు, లిపి, ఏ కాగితం నుంచి ఎత్తి రాశారు. పార్టీకి అర్థం లేని ఒక అంకెని కీగా ఇవ్వండి. ఫోన్ నంబరు కీ కాదు, ఇంటికంతటికీ ఒకటే ఫోన్ ఉన్న ఊళ్లు మీవి. తెలుగు పేర్లు పోల్చేటప్పుడు ఇంకో తిప్పలుంది. ఐత్వాన్ని కొన్ని పాత కీబోర్డులు రెండు ముక్కలుగా టైప్ చేస్తాయి, కంటికి ఒకటే, డేటాబేస్‌కి వేరు. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉన్న నార్మలైజ్ ఫంక్షన్‌తో ఎన్‌ఎఫ్‌సీకి (ముక్కల్ని ఒకటిగా కలిపే యూనికోడ్ రూపానికి) మారిస్తే అది పోతుంది. పొల్లు తర్వాత కనపడకుండా వచ్చే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు మాత్రం దానితో పోదు. వెతకడానికి వాడే కాలమ్‌లో దాన్ని విడిగా తీసెయ్యండి, అసలు పేరులో ఉంచండి.

మూడోది ఊరు. దీన్ని చాలామంది చిల్లర విషయం అనుకుని ఒక టెక్స్ట్ కాలమ్‌తో సరిపెడతారు. సరిహద్దులో అది కుదరదు. బరంపురం, బ్రహ్మపుర్, బెర్హంపూర్ ఒకటే ఊరు. పశ్చిమ బెంగాల్లో ఇంకో బెర్హంపూర్ ఉంది. రాయగడ అంటే జిల్లా కావచ్చు, ఆ జిల్లా కేంద్రం కావచ్చు, మీ గజపతి జిల్లాలోనే ఉన్న రాయగడ బ్లాకూ కావచ్చు. ఎక్సెల్‌లో "రాయగడ" అని ఉన్న వరసలు ఏవి ఏదో ఇప్పుడే గుమాస్తాతో తేల్చుకోండి. డేటాబేస్‌లోకి వెళ్లాక ఎవరూ తేల్చరు.

ఆంధ్రలో జిల్లా, రెవెన్యూ డివిజన్, మండలం, గ్రామం. ఒడిశాలో రెవెన్యూ వైపు తహసీలు, అభివృద్ధి వైపు బ్లాకు, గ్రామ పంచాయతీ. రెండు నిచ్చెనలు, వాటి మెట్లు అన్నిచోట్లా ఒకదానిమీద ఒకటి పడవు. "మండలం" అని ఒక కాలమ్ పెడితే ఒకరు బ్లాకు నింపుతారు, ఇంకొకరు తహసీలు నింపుతారు. అందుకని స్థలం ఒక ఎంటిటీ, పరిపాలన విభాగం ఇంకొకటి. విభాగానికి రకం, పై విభాగం ఉంటాయి. "ఈ స్థలం ఈ విభాగంలో ఇప్పటి నుంచి ఇప్పటి దాకా ఉంది" అన్నది వాటి మధ్య సంబంధం. కేంద్రం ఇచ్చే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌ని అదనపు గుర్తింపుగా ఉంచుకోండి, ప్రైమరీ కీగా వద్దు. గూడలకీ సాహీలకీ (చిన్న పేటలకి) విడిగా రెవెన్యూ గ్రామం కోడ్ ఉండదు, మీ సరుకు వచ్చేదేమో అక్కడి నుంచే.

ఆ సంబంధం మీద కాలాలు ఒకదానిమీద ఒకటి పడకుండా ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ అనే నియమం పెట్టొచ్చు. పోస్ట్‌గ్రెస్‌కి అదనంగా చేర్చే బీట్రీ జిస్ట్ ఎక్స్‌టెన్షన్, మొదలు-చివర తేదీల్ని కలిపి దాచే డేట్ రేంజ్ టైప్ ఉంటే చాలు. పెట్టేముందు దాని వాక్యం చదవండి: "ఒక స్థలం ఒక సమయంలో ఒకే రాష్ట్రంలో ఉంటుంది." కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకీ సాలూరుకీ మధ్య ఉన్న కొటియా గ్రామాల్లో 21 గ్రామాలు తమవేనని ఒడిశా, ఆంధ్ర రెండూ అంటాయి. 1968లోనే వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడి జనంలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నవాళ్లున్నారు. మీ కొనుగోళ్లు అటువైపు సాగితే పై వాక్యం అబద్ధమవుతుంది. సరైన వాక్యం: "ఫలానా ప్రభుత్వ రికార్డు ప్రకారం ఈ స్థలం ఈ విభాగంలో ఉంది." అప్పుడు కన్‌స్ట్రెయింట్‌లో రికార్డు కూడా చేరుతుంది, రెండు రాష్ట్రాల వరసలూ పక్కపక్కన ఉండొచ్చు. ఆ వరసల్లో ఎవరిది న్యాయమో తేల్చడం డేటాబేస్ పని కాదు, ఎవరు ఏమన్నారో దాచడమే దాని పని. బిల్లు మీద, ఈ-వే బిల్లు మీద ఏ చిరునామా రాశారో అది మాత్రం ఆ కాగితం వరసలో యథాతథంగా నకలుగా ఉండాలి. ఇలాంటి చోట నకలు రిడండెన్సీ (అనవసరపు పునరుక్తి) కాదు. ఆ రోజు కాగితం ఏం చెప్పిందన్నది దానంతట అదే ఒక సంగతి.

నాలుగోది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది, లాట్. మీ స్టాక్ టేబుల్లో లాట్ నంబరు, బరువు, తేమ, ఔటర్న్ (పిక్కల నుంచి దిగే పప్పు లెక్క) అని నాలుగు కాలమ్‌లున్నాయి. ఈ నాలుగింట్లో లాట్‌కి సొంతమైనది నంబరు ఒక్కటే.

బరువు లాట్ లక్షణం కాదు. ఒక రోజు ఒక కాటా మీద తేలిన ఫలితం. తేమ 12 శాతం ఉన్న 2,876 కిలోల సరుకుని 9 శాతానికి ఆరబెడితే పొడి పదార్థం మారదు గనక 2,876ని 0.88తో గుణించి 0.91తో భాగించాలి: సుమారు 2,781 కిలోలు. దాదాపు 95 కిలోలు ఎండకి పోయాయి. లాట్ వరసలో బరువుని దిద్దితే ఆ 95 కిలోలు ఎండలో పోయాయో, గోదాంలో పోయాయో చెప్పే ఆధారం కూడా పోతుంది. తూకం ఒక ఎంటిటీ: ఏ లాట్, ఏ కాటా, ఎప్పుడు, ఎన్ని కిలోలు, ఏ సందర్భం.

ఔటర్న్ అంతకంటే జాగ్రత్త కోరుతుంది. పిక్కల వ్యాపారంలో ఔటర్న్‌ని 80 కిలోల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందన్న లెక్కలో చెబుతారు. కిలో నమూనా కోసి, మంచి పప్పు గ్రాములకి మచ్చపడ్డ, ముదరని పప్పులో సగం కలిపి 0.17637తో గుణిస్తారు. 272 గ్రాములు తేలితే దాదాపు 48 పౌండ్లు, శాతంలో 27.2. మీ ఫైల్‌లో ఒకే కాలమ్‌లో 48 అనీ 27 అనీ రెండు తరహాల అంకెలు కనబడుతున్నాయంటే ఒకరు పౌండ్లు రాశారు, ఇంకొకరు శాతం రాశారు. పైగా మీ దగ్గర కోసిన నమూనాకీ పలాసలో వాళ్లు కోసిన నమూనాకీ తేడా వస్తుంది, గొడవలన్నీ దాని మీదే. ఒక్క కాలమ్‌లో ఎవరి అంకె ఉంచుతారు? పరీక్షని ఎంటిటీ చెయ్యండి: లాట్, నమూనా బరువు, మంచి పప్పు గ్రాములు, సగానికి లెక్కేసిన పప్పు గ్రాములు, పిక్కల తేమ, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. ఔటర్న్‌ని దాచకండి, గ్రాముల నుంచి లెక్కగట్టి వ్యూలో చూపించండి. బేరం ఏ పరీక్ష ఆధారంగా తెగిందో బేరం వరస నుంచి ఆ పరీక్షకి ఫారిన్ కీ.

ఇలా చేస్తే ఖాళీ గడుల సమస్య కూడా చాలావరకు పోతుంది. ఔటర్న్ కాలమ్ నల్ అంటే ఏమిటి? ఇంకా కోయలేదా, కోసి రాయలేదా, అసలు ఈ లాట్‌కి కోయరా? మూడూ ఒకేలా కనిపిస్తాయి. పరీక్ష విడి టేబుల్ అయితే, కోయని లాట్‌కి వరసే ఉండదు. కోయక్కర్లేని లాట్‌ని గుర్తించాలంటే దానికి విడిగా ఒక వాక్యం, విడిగా ఒక కాలమ్. మోడల్‌లో నల్ పెట్టిన ప్రతిచోటా దాని అర్థం ఒక్కటే అయ్యేలా చూడండి.

ఇక లాట్ అంటేనే ఏమిటన్నది. మూడు ఊళ్ల సరుకు గోదాంలో ఒకే కుప్పగా పోశాక అందులో ఏ పిక్క ఎవరిదో చెప్పలేరు. అప్పుడు పాత లాట్లు ముగుస్తాయి, కొత్త లాట్ పుడుతుంది. "ఫలానా లాట్ నుంచి ఇన్ని కిలోలు ఫలానా లాట్‌లోకి వెళ్లాయి" అన్న టేబుల్ ఒకటి పెడితే కలపడం, విడదీయడం రెండూ అందులోనే ఇమిడిపోతాయి. ఎంత దూరమైనా వెనక్కి వెళ్లాలంటే రికర్సివ్ క్వెరీ (తన జవాబు మీదే మళ్లీ మళ్లీ నడిచే ప్రశ్న) చాలు. ఒకే ఒక్క షరతు: లాట్ తనలోంచి తనే పుట్టకూడదు. నేరుగా అదే నంబరు రాయడాన్ని చెక్ కన్‌స్ట్రెయింట్ ఆపుతుంది, చుట్టు తిరిగి రావడాన్ని ట్రిగ్గరే (వరస రాసేటప్పుడు దానంతట అదే నడిచే కోడ్) ఆపాలి.

లాట్ నంబరులో ఊరు, సంవత్సరం, రకం అన్నీ ఇరికించే అలవాటు మీ ఫైల్‌లో ఉంది. మనుషులు చదవడానికి అది బాగానే ఉంటుంది, కీగా పనికిరాదు. రెండు ఊళ్ల సరుకు కలిసిన రోజున అందులో ఊరు అబద్ధమవుతుంది. అలాంటి నంబరుని యునీక్ కాలమ్‌గా ఉంచి, లోపల వేరే అంకె వాడండి. నంబరు లోపలి అక్షరాల్ని కోసి రిపోర్టులు తియ్యొద్దు.

స్టాక్ టేబుల్‌ని తీసెయ్యమంటాను. కూలికి ఆడించడానికి పలాస పంపిన సరుకు మీదే, కానీ మీ గోదాంలో లేదు. అమ్మేసి ఇంకా లారీ ఎక్కించని సరుకు మీ గోదాంలో ఉంది, మీది కాదు. "స్టాక్ ఎంత" అన్న ప్రశ్నకి ఎవరి దగ్గర ఉంది, ఎవరికి చెందుతుంది అని రెండు జవాబులు. వీటిని ఒక అంకెలో పెట్టడానికి వీల్లేదు. చేతులు మారడం, యాజమాన్యం మారడం రెండు సంఘటనల టేబుళ్లు. నిల్వ ఆ రెండింటి మీద వ్యూ. జాబ్‌వర్క్‌కి (కూలికి ఆడించడానికి) పంపిన ఇన్‌పుట్ సరుకు ఏడాదిలోపు వెనక్కి రావాలని, లేదా అక్కడి నుంచే పద్ధతి ప్రకారం అమ్మాలని జీఎస్టీ నియమం గనక, పంపిన తేదీ అక్కడ విడిగా ఉండి తీరాలి.

పప్పు వైపు తక్కువ చిక్కులే. డబ్ల్యూ 320 అన్న గ్రేడ్ అంటే పౌండుకి 300 నుంచి 320 గుండు పప్పులు, డబ్ల్యూ 240 అంటే 220 నుంచి 240. గ్రేడ్ ఒక రిఫరెన్స్ టేబుల్, అందులో కనిష్ఠం, గరిష్ఠం, గుండా బద్దా ముక్కా. డబ్బా అన్న మాట దగ్గర మళ్లీ బస్తా కథే: ఎగుమతి లెక్క డబ్బా 25 పౌండ్లు, అంటే 11.34 కిలోలు. 10 కిలోల డబ్బాలూ తిరుగుతాయి. ప్యాకింగ్ రకం విడి టేబుల్‌లో పెట్టి నికర కిలోలు అక్కడ రాయండి.

మూడు నాలుగు ఎంటిటీలు కలిసిన వాక్యాల్ని జంటలుగా విరగ్గొట్టకండి. "ఈ పార్టీకి, ఈ చీటీ సరుకుకి, ఈ పరీక్ష ఆధారంగా, ఈ రేటు తెగింది" అన్నదాన్ని పార్టీ-రేటు, చీటీ-రేటు అని రెండు టేబుళ్లు చేస్తే తిరిగి కలిపినప్పుడు లేని బేరాలు పుట్టుకొస్తాయి. అడ్వాన్సుకీ కొనుగోలుకీ మధ్య కూడా ఇంతే. ఒక అడ్వాన్సు ఐదు దింపుళ్లలో తీరుతుంది, ఒక దింపుడు రెండు అడ్వాన్సుల్ని తీరుస్తుంది. సర్దుబాటు అనే మూడో టేబుల్లో "ఈ అడ్వాన్సులో ఇంత, ఈ దింపుడు కింద, ఈ తేదీన" అని మొత్తంతో సహా పెట్టాలి.

ఇదంతా విన్నాక "ఎంటిటీ, ఆట్రిబ్యూట్, విలువ" అని మూడు కాలమ్‌లతో ఒక్క టేబుల్ పెట్టేసి దేన్నయినా అందులో పోద్దామనిపిస్తుంది. దానివల్ల అర్థం ఎక్కడికీ పోదు, డేటాబేస్‌లోంచి మీ కోడ్‌లోకి వెళ్తుంది. నాట్ నల్, ఫారిన్ కీ, యూనిట్ అన్నిటినీ చేత్తో కాయాలి. పరీక్షల్లో కొత్త కొలతలు తరచూ వచ్చిపడే పక్షంలో ఆ ఒక్క టేబుల్లో ఒక జేసన్‌బీ కాలమ్ (ఏ కొలతనైనా పేరుతో సహా పట్టే గడి) పెట్టుకోండి, మిగతావి గట్టి కాలమ్‌లుగానే ఉండనివ్వండి.

మీ కొట్టు పరిమాణానికి పదిహేను ఎంటిటీలు, యాభై దాకా వాక్యాలు వస్తాయి. వాక్యాల్ని కాగితం మీద వదిలెయ్యకండి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి టేబుల్‌కీ కాలమ్‌కీ కామెంట్ పెట్టే వీలుంది, వాక్యాన్ని తెలుగులో యథాతథంగా అక్కడే రాయండి. ప్రతి టేబుల్‌కీ ఐదారు నిజమైన వరసలు నింపి చూడండి. ఆ వరసలు మంచివి కాకూడదు, గొడవపడ్డవి కావాలి: చించేసిన చీటీ, రేటు తెగని దింపుడు, రెండు పేర్ల మనిషి, పలాస నుంచి తిరిగొచ్చిన లారీ. ఏ వరసైనా పట్టకపోతే కాలమ్ చేర్చే ముందు వాక్యం దిద్దండి.

ఎక్సెల్ నుంచి ఎక్కించే వరస: స్థలాలు, పార్టీలు, రిజిస్ట్రేషన్లు, తర్వాత చీటీలు, తూకాలు, లాట్లు, పరీక్షలు, బేరాలు, చివర డబ్బు. తేదీల్ని ముందు టెక్స్ట్‌గానే దింపుకోండి. రోజు, నెల తారుమారైన వరసలు 12వ తేదీ లోపల ఉన్నవాటిలో దాక్కుంటాయి, వాటిని చీటీ నంబర్ల క్రమంతో పోల్చి పట్టుకోవాలి. "బస్తాలు" కాలమ్‌లో దశాంశం ఉన్నవి తూకం బస్తాలే. పూర్ణాంకాలు మాత్రం రెండూ కావచ్చు, అక్కడ నికర కిలోలు 80తో సరిగ్గా భాగింపబడితే గుమాస్తాని అడగండి. అన్నీ ఎక్కాక ప్రతి లాట్‌కీ లోపలికి వచ్చిన కిలోలు, బయటికి వెళ్లినవి, ఆఖరి తూకం మూడింటినీ పక్కపక్కన తీసి, తేమ లెక్కతో వివరించలేని తేడా ఉన్న లాట్ల జాబితా తియ్యండి. ఆ జాబితా గుమాస్తాతో తేలేదాకా పాత ఫైల్‌లో రాయడం ఆపొద్దు.